కాషన్: పూచీకత్తు నుంచి పసుపు దీపం దాకా

కాషన్ అనేది జాగ్రత్త, హెచ్చరిక అనే అర్థాల్లో నేడు వాడుకలో ఉన్న ఆంగ్ల పదం. పుట్టింది లాటిన్‌లో. పాత ఫ్రెంచి మీదుగా 1300 ప్రాంతంలో ఇంగ్లీషులోకి వచ్చింది. వచ్చిన కొత్తలో దాని అర్థం వేరు: జామీను, పూచీకత్తు, హామీగా కట్టిన సొమ్ము. మనసులోని మెలకువను చెప్పే మాటగా స్థిరపడటానికి ఇంకో మూడు వందల ఏళ్లు పట్టింది. పిల్లవాణ్ణి కాలేజీలో చేర్చి, కాషన్ డిపాజిట్ కట్టి రసీదు జేబులో పెట్టుకునే తెలుగు తండ్రికి పరిచయమైన అర్థం మాత్రం ఆ మొదటిదే. కేవియట్, ప్రికాషన్ అనే మాటలకూ కుదురు ఇదే. కోర్టులు, రైల్వేలు, ఫుట్‌బాల్ మైదానాలు, ఫ్యాక్టరీలు ఈ మాటను తలా ఒక తీరున వాడుకుంటున్నాయి.

ధాతువు, చుట్టరికాలు

లాటిన్‌లో 'కవేరే' అంటే కనిపెట్టుకుని ఉండటం, కీడు రాకుండా కాచుకోవడం. దాని నుంచి వచ్చిన నామవాచకం 'కౌతియో'. అదే ఫ్రెంచి, ఇంగ్లీషు నోళ్లలో అరిగి కాషన్ అయింది. భాషాశాస్త్రవేత్తలు కవేరేను 'చూడు, గమనించు' అనే అర్థమున్న ప్రాచీన ఇండో యూరోపియన్ ధాతువుకు చేరుస్తారు. ఆ ధాతువు సంతానంలో మనకు బాగా తెలిసినది సంస్కృతంలో ఉంది: కవి. ఋగ్వేదంలో కవి అంటే ఉత్త పద్యాలల్లేవాడు కాడు. ఇతరులకు కనపడనిది చూడగలిగిన ద్రష్ట, ప్రాజ్ఞుడు. అవెస్తాలో ఇదే మాట రాజులకు బిరుదయింది. పారసీక గాథల్లోని కై ఖుస్రో, కై ఖుబాద్ పేర్ల ముందున్న 'కై' అదే.

ఇంగ్లీషులోని 'షో' కూడా ఈ కుటుంబానిదే. పాత ఇంగ్లీషులో దాని అర్థం చూపించడం కాదు, చూడటం. మధ్యయుగపు లండన్‌లో సరుకు తనిఖీ చేసి సుంకం వసూలు చేసే ఉద్యోగి పేరు ఆ చూడటంలోంచే పుట్టింది. తర్వాత వీధుల శుభ్రత కూడా అతనికే అప్పగించారు. ఆ పేరే స్కావెంజర్‌గా మారి మన మున్సిపాలిటీల దాకా వచ్చింది. కవి, స్కావెంజర్, కాషన్ ఒకే వంశం వాళ్లంటే నమ్మబుద్ధి కాదు గానీ, నిజం.

తెలుగులో ఈ భావానికి ఉన్న మాటలు వేరే దారిన వచ్చాయి. జాగ్రత్తకు మూలం సంస్కృత జాగ్రత్, అంటే మేలుకుని ఉండటం. హెచ్చరికకు కన్నడ ఎచ్చర, తమిళ ఎచ్చరిక్కై చుట్టాలు. కన్నడంలో ఎచ్చర అన్నా మెలకువే. ఖబడ్దార్ పారసీ నుంచి వచ్చింది. అక్కడ సంగతి తెలిసి ఉండమనే మాట, ఇక్కడ బెదిరింపయింది.

రోములో

పాంపేయీ నగరంలో 'విషాద కవి ఇల్లు' అని పురాతత్వవేత్తలు పేరు పెట్టిన ఇల్లొకటి ఉంది. దాని గుమ్మం లోపల నేల మీద చిన్న చిన్న రాతి ముక్కలతో పొదిగిన కుక్క బొమ్మ కనిపిస్తుంది. నల్ల కుక్క, మెడకు గొలుసు, బయటపెట్టిన పళ్లు, కింద రెండు మాటలు: 'కవే కనెమ్'. కుక్క ఉంది జాగ్రత్త అని. క్రీ.శ. 79లో వెసూవియస్ బూడిద కింద పడిన ఈ ఇల్లు 1824లో తవ్వకాల్లో బయటపడింది. మన కాలనీల్లో గేటుకు తగిలించే 'కుక్కలున్నవి జాగ్రత్త' బోర్డుకు ఇంత పాత తోబుట్టువు ఇంకొకటి దొరకడం కష్టం. పెట్రోనియస్ రాసిన సాటిరికాన్‌లో, ఒక కొత్త ధనవంతుడి ఇంటికి విందుకు వెళ్లిన కథకుడు గోడ మీద రంగులతో గీసిన ఇలాంటి కుక్కను చూసి నిజమనుకుని వెల్లకిలా పడబోతాడు. ఆ బొమ్మ పక్కనా ఇవే రెండు మాటలు.

'కవే' అనే ఈ క్రియాపదానికి సంబంధించి రోమన్లు చెప్పుకున్న శకునం కథ ఒకటి సిసెరో రచనలో మిగిలింది. క్రీ.పూ. 55 చివర క్రాసస్ అనే సేనాని పార్థియన్ల మీద యుద్ధానికి బ్రుండిసియం రేవులో ఓడలెక్కుతున్నాడు. రేవులో ఎవరో అంజూరపు పళ్లు అమ్ముతూ 'కౌనేయాస్' అని కేకవేశాడు. కౌనస్ ఊరి పళ్లు అని అతని ఉద్దేశం. కౌనస్ ఇప్పటి టర్కీ నైరుతి తీరంలో ఉండేది. ఆ కేక వేగంగా పలికితే 'కవే నే ఏయాస్' అన్నట్టూ వినిపిస్తుంది: జాగ్రత్త, వెళ్లొద్దు. క్రాసస్ వెళ్లాడు, క్రీ.పూ. 53లో కర్రే యుద్ధంలో కొడుకునూ సైన్యాన్నీ పోగొట్టుకుని తానూ హతుడయ్యాడు. సిసెరోకు ఈ కథ మీద నమ్మకం లేదు. ఇలాంటివి పట్టించుకోవడం మొదలుపెడితే కాలు తట్టుకున్నా, చెప్పు వారు తెగినా, ఎవరైనా తుమ్మినా ఆగిపోవాల్సి వస్తుందని వెక్కిరించాడు. తుమ్మితే ఒక్క నిమిషం కూర్చుని మంచినీళ్లు తాగి బయల్దేరే మన ఇళ్లలో ఆ వెక్కిరింపు వెంటనే అర్థమవుతుంది. భాషా చరిత్రకారులకు మాత్రం ఈ కథ వేరే రకంగా విలువైనది. లాటిన్‌లో 'కవే'లోని రెండో హల్లును నేటి ఇంగ్లీషు వాళ్లలా పెదవి కొరికి కాకుండా దాదాపు మన 'వ'లా పలికేవారనడానికి ఇదొక సాక్ష్యం. అలా పలికితేనే పళ్ల కేక హెచ్చరికగా వినిపిస్తుంది.

చట్టంలో కౌతియో

మాట బతికి బట్టకట్టింది శకునాల వల్ల కాదు, న్యాయశాస్త్రం వల్ల. రోమన్ న్యాయకోవిదుడికి మూడు పనులుండేవి: అడిగినవారికి సలహా చెప్పడం, దావా నడపడంలో తోడ్పడటం, కవేరే. ఈ మూడోది పత్రాలు రాసిపెట్టే పని. కక్షిదారు రేపు చిక్కుల్లో పడకుండా ఈరోజే ఒప్పందంలో మాటలు బిగించడం. అలా రాయించుకున్న హామీకి కౌతియో అని పేరు వచ్చింది. అంటే, జాగ్రత్త అనేది మనిషి గుణంగా ఉండటం మానేసి, సాక్షుల ముందు ఇచ్చిన మాటగా, కాగితంగా, సొమ్ముగా మారింది.

ఈ కౌతియోల్లో ఒకటి చాలా ఆచరణాత్మకమైనది. పక్కింటి గోడ మన వైపు ఒరిగి ఉంది, ఇంకా పడలేదు. పడ్డాక దావా వేస్తే, ఆ శిథిలాలే తీసుకోమని ఇంటాయన వదిలేసి పోవచ్చు. అందుకని జరగని నష్టానికి ముందే హామీ అడిగే వీలు రోమన్ చట్టం కల్పించింది. ప్రీటర్ అనే న్యాయాధికారి ముందు పక్కింటాయన నష్టం జరిగితే భరిస్తానని మాట ఇవ్వాలి. ఇవ్వనంటే ఫిర్యాదీకే ఆ ఇంట్లో ప్రవేశించి స్వాధీనం చేసుకునే అధికారం దొరికేది.

మరొకటి క్రీ.పూ. 95లో కాన్సల్‌గా ఉన్న క్వింటస్ మూకియస్ స్కైవోలా పేరు మీద నిలిచింది. ఒకడు వీలునామాలో, 'ఫలానా బానిసను విడుదల చేయకుండా ఉంటే నా ఆస్తిలో ఇంత నీకు' అని రాశాడనుకోండి. చేయకుండా ఉన్నాడని తేలేది ఆస్తి పొందేవాడు చనిపోయాకే. అప్పుడు ఆస్తి ఎవరికి? స్కైవోలా చెప్పిన మార్గం తేలిక: ఆస్తి ఇప్పుడే తీసుకో, షరతు తప్పితే తిరిగి ఇచ్చేస్తానని పూచీ రాసివ్వు. ఈనాటి బ్యాంకు గ్యారంటీల వెనక ఉన్న ఆలోచన ఇంతకంటే పెద్దదేమీ కాదు.

ఈ చట్టపు అర్థమే యూరప్ భాషలకు వారసత్వంగా దక్కింది. ఫ్రాన్స్‌లో అద్దె ఇంటికి కట్టే డిపాజిట్‌ను జనం నేటికీ ఇదే మాటతో పిలుస్తారు. జర్మన్‌లో అది కౌత్సియోన్. అక్కడి చట్టం ప్రకారం కరెంటు, నీళ్ల ఖర్చులు కలపని మూడు నెలల అద్దెకు మించి ఆ సొమ్ము అడగకూడదు. ఏటా జర్మనీ యూనివర్సిటీలకు వెళ్లే తెలుగు విద్యార్థులు ఆ దేశంలో ముందుగా నేర్చుకునే మాటల్లో ఇదొకటి. హైదరాబాద్‌లో అడ్వాన్సు అనేది అక్కడ కౌత్సియోన్ అయింది, అంతే. స్కాట్లండ్ న్యాయశాస్త్రం ఈ మాటను అర్థంతో పాటు ప్రత్యేకమైన ఉచ్చారణతో దాచుకుంది. అక్కడ అది 'కేషన్'. పూచీ ఉండేవాడు 'కేషనర్'. వీలునామా లేకుండా ఎవరైనా చనిపోతే, ఆస్తి పంపకానికి కోర్టు నియమించే వ్యక్తి నుంచి 'బాండ్ ఆఫ్ కేషన్' తీసుకునే పద్ధతి స్కాట్లండ్‌లో తరతరాలుగా వచ్చింది.

ఇంగ్లీషులో మలుపు

ఇంగ్లీషుకు తన సొంత మాటలు లేకపోలేదు. బివేర్, వేరీ, హీడ్ అన్నీ జర్మానిక్ సంతతివే. అందుకే 1300 ప్రాంతంలో వచ్చిన ఫ్రెంచి మాటకు పూచీకత్తు పని మాత్రమే దొరికింది. 16, 17 శతాబ్దాల్లో పండితులు లాటిన్ గ్రంథాలు నేరుగా చదివి, అందులోని పాత అర్థాన్ని మళ్లీ లోపలికి తెచ్చారు. హెచ్చరిక అనే అర్థం 1600 దరిదాపుల్లో కనిపిస్తుంది. షేక్‌స్పియర్ మాక్‌బెత్‌లో ఈ మాటను జాగ్రత్త అనే అర్థంలోనే వాడాడు. కాషస్ అనే విశేషణం, కాషన్ అనే క్రియ 17వ శతాబ్దం నడుమ వచ్చాయి. సొంత మాటలకూ అరువు మాటకూ మధ్య పని విభజన నేటికీ ఉంది. ఇంటి గేటు మీది కుక్కకు ఇంగ్లీషువాడు బివేర్ అంటాడు, యంత్రం మీది కరెంటుకు కాషన్ అంటాడు. ఒకటి ఊరి మాట, రెండోది ఆఫీసు మాట.

రెండు పక్కదారులు కూడా ఉన్నాయి. అమెరికాలో 1830ల నుంచి, చూసినవాళ్లు నోరు వెళ్లబెట్టేంత విచిత్రమైన మనిషిని 'వాడొక కాషన్' అనేవారు. ఇప్పుడది ముసలివాళ్ల మాట. ఇంగ్లండ్ బోర్డింగ్ స్కూళ్లలో లాటిన్ కవే ఇంకో అవతారమెత్తింది. పంతులు వస్తున్నాడేమోనని తలుపు దగ్గర కాపు కాసే పిల్లవాడు 'కేవీ' అని అరిచేవాడు.

కేవియట్ కథ ఇంతకంటే గంభీరమైనది. లాటిన్‌లో అది ఒక పూర్తి వాక్యం: 'అతడు జాగ్రత్తపడుగాక'. నా మాట వినకుండా ముందుకు వెళ్లొద్దని అధికారికి ముందే ఇచ్చే నోటీసుకు 16వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో అది పేరయింది. అమెరికా పేటెంట్ కార్యాలయం 1836 నుంచి 1910 వరకు ఆవిష్కర్తల నుంచి కేవియట్లు తీసుకునేది: పని ఇంకా పూర్తి కాలేదు, ఇదే ఆలోచనతో వేరెవరైనా వస్తే నాకు చెప్పండి అని. 1876 ఫిబ్రవరి 14న అలెగ్జాండర్ గ్రాహంబెల్ తరఫున టెలిఫోను పేటెంటు దరఖాస్తు చేరింది. అదే రోజు ఎలీషా గ్రే తరఫున కేవియట్ చేరింది. ముందెవరిది అన్న తగువు ఆ తర్వాత ఎన్నో ఏళ్లు నడిచింది. భారత సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో కేవియట్‌కు 1976 సవరణ ద్వారా 148ఎ సెక్షన్‌గా చోటు దొరికింది. దాని ఆయుష్షు 90 రోజులు. ఎదుటివాడు స్టే కోసం వస్తాడని అనుమానమున్నవాళ్లు ముందే వేసిపెట్టుకుంటారు. తెలుగు పత్రికలు దీన్ని అనువదించే ప్రయత్నం మానేసి చాలాకాలమైంది. 'కేవియట్ దాఖలు' అంటే చాలు, పాఠకుడికి తెలిసిపోతుంది.

కొనేవాడే చూసుకోవాలనే 'కేవియట్ ఎంప్టర్' సూత్రాన్ని చాలామంది రోమన్లకు అంటగడతారు. అది పొరపాటు. రోమ్ సంతలను అజమాయిషీ చేసిన అధికారులు బానిసల, పశువుల లోపాలు అమ్మేవాడే చెప్పాలని శాసించారు. సూత్రం బలపడింది ఇంగ్లండ్‌లో. 1603లో తేలిన లోపస్ కేసు దీనికి పాఠ్యపుస్తకాల ఉదాహరణ. మేక జాతి జంతువుల కడుపులో ఏర్పడే బెజోవర్ రాయి విషానికి విరుగుడని అప్పట్లో నమ్మేవారు. చాండెలర్ అనే కంసాలి ఒక రాయిని బెజోవర్ అని చెప్పి లోపస్‌కు 100 పౌండ్లకు అమ్మాడు. అది బెజోవర్ కాదని తేలింది. బెజోవర్ అన్నాడే తప్ప అందుకు నాది పూచీ అనలేదు కాబట్టి కంసాలి బాధ్యుడు కాడని కోర్టు చెప్పింది. పూచీ ఉందా లేదా అన్న పాత కౌతియో ప్రశ్నే ఇక్కడ తీర్పును తేల్చింది.

పోలీసు భాషలో కాషన్ అంటే నిందితుడికి మాట్లాడకుండా ఉండే హక్కును గుర్తుచేయడం. ఇంగ్లండ్‌లో దీనికి 1912 నాటి జడ్జీల నిబంధనలు రూపమిచ్చాయి. మౌనం కూడా వ్యతిరేకంగా పోవచ్చనే మెలికను 1994 చట్టం చేర్చింది. భారతదేశంలో నేరాంగీకార వాంగ్మూలం తీసుకునే మెజిస్ట్రేటు, నువ్వు చెప్పి తీరాలనేమీ లేదు, చెబితే అది నీ మీదే సాక్ష్యం కావచ్చు అని ముందుగా హెచ్చరించి తీరాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది 164వ సెక్షన్. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన కొత్త సంహితలో 183వది.

పట్టాల మీద, మైదానంలో

కాషన్ అనగానే నేడు పసుపు గుర్తొస్తుంది. మొదట అలా లేదు. 1841లో బర్మింగ్‌హామ్‌లో సమావేశమైన బ్రిటిష్ రైల్వే కంపెనీలు ప్రమాదానికి ఎరుపు, కాషన్‌కు ఆకుపచ్చ, దారి ఖాళీకి తెలుపు అనుకున్నాయి. తెలుపుతో చిక్కు ఉంది. ఎర్ర అద్దం పగిలితే లోపలి దీపం తెల్లగా వెలిగి, ఆగాల్సిన బండి దూసుకుపోతుంది. అందువల్ల ఆకుపచ్చను దారి ఖాళీకి మార్చారు. కాషన్‌కు వేరే రంగు వెతకాల్సి వచ్చి, 20వ శతాబ్దం తొలి దశకాల్లో పసుపు కుదిరింది.

భారతీయ రైల్వేలో నాలుగు స్థితులున్న రంగు దీపాల సిగ్నల్‌లో ఒంటి పసుపు పేరు కాషన్: వెళ్లొచ్చు, తర్వాతి సిగ్నల్ దగ్గర ఆగడానికి సిద్ధంగా ఉండాలి. జంట పసుపు అటెన్షన్. ఇది కాక కాషన్ ఆర్డరు అనే కాగితం ఉంది. పట్టాల మరమ్మతు జరుగుతున్న చోటు, నీళ్లు చేరిన వంతెన, కొత్తగా కంకర వేసిన లైను వంటివి ముందుంటే, ఏ కిలోమీటరు నుంచి ఏ కిలోమీటరు వరకు ఎంత వేగం మించకూడదో అందులో రాసి స్టేషన్ మాస్టరు లోకో పైలట్‌కు, గార్డుకు ఇచ్చి సంతకం తీసుకుంటాడు. దాని ఫారం నంబరు టి 409. దారిలో అలాంటిదేమీ లేకపోయినా కాగితం తప్పదు. ఏమీ లేదని చెప్పే 'నిల్' కాషన్ ఆర్డరు ఇస్తారు. కాజీపేట, విజయవాడ వైపు రైల్వే కుటుంబాల్లో 'అక్కడ కాషన్ ఉంది, బండి లేటవుతుంది' అనేది రోజువారీ మాట. ఆ వాక్యంలో కాషన్ అంటే జాగ్రత్త కాదు, పట్టాల మీది ఒక చోటు.

ఫుట్‌బాల్ నిబంధనల్లో పసుపు కార్డు అసలు పేరు కాషన్. 1966 ప్రపంచకప్‌లో ఇంగ్లండ్, అర్జెంటీనా క్వార్టర్ ఫైనల్‌లో జర్మన్ రిఫరీ ఎవరిని హెచ్చరించాడో, ఎవరిని పొమ్మన్నాడో భాష తెలియక ఆటగాళ్లకే సరిగా అర్థం కాలేదు. అధికారి కెన్ ఆస్టన్ ఆ గందరగోళం గురించి ఆలోచిస్తూ కారు నడుపుతుంటే ట్రాఫిక్ దీపాలు ఉపాయం చెప్పాయి. 1970లో మెక్సికో ప్రపంచకప్‌లో కార్డులు వచ్చాయి.

పరిశ్రమల బోర్డుల్లో ఈ మాటకు కొలత కూడా ఉంది. అమెరికా ప్రమాణం జెడ్ 535 ప్రకారం, తప్పించుకోకపోతే ప్రాణం పోవడమో తీవ్ర గాయమో ఖాయమైతే డేంజర్, అవి జరిగే అవకాశముంటే వార్నింగ్, చిన్న లేదా ఓ మోస్తరు గాయమయ్యే అవకాశముంటే కాషన్. మూడింటినీ ఒకే 'హెచ్చరిక'గా తెలుగులోకి మార్చే లేబుళ్లు ఈ తేడాను పోగొడుతున్నాయి.

తెలుగు నేల మీద

ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి కళాశాలల్లో చేరే విద్యార్థి నుంచి నడవడికకు, బాకీలకు హామీగా 'కాషన్ మనీ' తీసుకునేవారు. మన కాలేజీల కాషన్ డిపాజిట్ ఆ పద్ధతికి వారసురాలే. ల్యాబులో పగిలిన గాజు, లైబ్రరీకి తిరిగిరాని పుస్తకం, మెస్ బాకీ అందులోంచి మినహాయిస్తారు. చదువైపోయాక నో డ్యూస్ ఫారం పట్టుకుని ఒక్కో బల్ల దగ్గర సంతకం పెట్టించుకుంటే మిగిలింది చేతికొస్తుంది. ఎన్నికల్లో 'ధరావతు' అనే మంచి మాట ఉన్నా, కాలేజీ ఫీజు కాగితంలో మాత్రం కాషనే స్థిరపడింది.

ప్రికాషన్ అనే మాట తెలుగు ఇళ్లలోకి గట్టిగా వచ్చింది కోవిడ్ కాలంలో. మూడో టీకాను బూస్టర్ అనకుండా 'ప్రికాషన్ డోసు' అని కేంద్ర ప్రభుత్వం పేరు పెట్టి, 2022 జనవరి 10న మొదలుపెట్టింది.

పర్యావరణ న్యాయంలో ముందు జాగ్రత్త సూత్రం అంతకు ముందే హైదరాబాద్ మీదుగా భారత చట్టంలో వేళ్లూనింది. నష్టం జరుగుతుందని శాస్త్రం నిక్కచ్చిగా రుజువు చేసేదాకా ఆగకుండా ముందే అడ్డుకోవాలనే ఈ సూత్రం 1992 నాటి రియో ప్రకటనలో 15వది. సుప్రీంకోర్టు 1996లో వెల్లూరు తోళ్ల శుద్ధి కర్మాగారాల కేసులో దాన్ని ఈ దేశపు చట్టంలో భాగమన్నది. లోతుగా చర్చించింది మాత్రం 1999లో, ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలికీ ప్రొఫెసర్ ఎం.వి.నాయుడుకీ మధ్య నడిచిన కేసులో. 1908 మూసీ వరదల తర్వాత నగరాన్ని కాపాడటానికి కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ జలాశయాలకు 10 కిలోమీటర్ల లోపు కాలుష్యకారక పరిశ్రమలు రాకూడదని అప్పట్లో ప్రభుత్వ ఉత్తర్వు ఉండేది. ఆ పరిధిలో ఆముదం నుంచి రసాయనాలు తయారుచేసే కర్మాగారానికి అనుమతి కావాలన్నది వివాదం. తీర్పు రాసిన జస్టిస్ ఎం.జగన్నాథరావు, హాని ఉండదని రుజువు చేయాల్సిన భారం కర్మాగారం పెట్టేవాడిదేనన్నారు. ఫిర్యాదు చేసినవాడు హాని ఉంటుందని నిరూపించనక్కరలేదు. 2000 డిసెంబరులో కంపెనీకి అనుమతి నిరాకరణ ఖాయమైంది. ఈ జలాశయాల చుట్టూ నిర్మాణాలను కట్టడి చేసిన 1996 నాటి 111వ నంబరు జీవో ఆంక్షలను తెలంగాణ ప్రభుత్వం 2022 ఏప్రిల్‌లో 69వ నంబరు జీవోతో తొలగించింది. రెండు జలాశయాల నీటి నాణ్యతకు భంగం కలగకూడదన్న షరతు ఆ జీవోలోనే ఉంది.